ఈయన ఏ జిల్లా కవి?

ప్రత్యేక సంచిక ఆవిష్కరణ అయిన మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగితే అది మెచ్చుకోలు కాదని ఇప్పుడు నాకు తెలుసు. నిరుడు ఒక చిన్న పత్రిక ఉత్తరాంధ్ర సాహిత్యం మీద సంచిక వేస్తూ శ్రీకాకుళం జాబితా నా నెత్తిన పెట్టింది. విజయనగరం జాబితా ఒక స్నేహితుడి వంతు. సభ బాగానే జరిగింది. శాలువాలు సరిపోయాయి, టిఫిన్లు మిగిలాయి. తెల్లారి ఏడింటికి ఫోన్.

"మా నాన్నగారి పేరు ఎందుకు వెయ్యలేదండీ?"

కోపంగా కాదు, మెత్తగానే అడిగాడు. వాళ్లది సాలూరు. నాన్నగారు బడిపంతులు. మొదట్లో పద్యాలు, తర్వాత వచన కవితలు, నలభై ఏళ్లు రాశారు. పోయి కొన్నేళ్లయింది. నా కాగితాలు తిరగేస్తే ఆ పేరు ఉంది. పక్కన నా చేతిరాతే, "విజయనగరం?" అని, ప్రశ్నార్థకంతో సహా. స్నేహితుణ్ణి అడిగితే అతని కాగితంలో అదే పేరు పక్కన "ఇప్పుడు మన్యం జిల్లా కదా, విడిగా చూడాలి" అని ఉందిట. విడిగా ఎవరూ చూడలేదు.

బద్ధకమే, ఒప్పుకుంటాను. కానీ ఒట్టి బద్ధకం మాత్రమే కాదు. 'ఉత్తరాంధ్ర కవులు, రచయితలు' అని అట్ట మీద వేసిన ఏ సంచిక వెనకైనా నాలుగు జల్లెళ్లు ఆడుతుంటాయి. ఎక్కడ పుట్టారు, ఎక్కడ బతికారు, దేని గురించి రాశారు, ఏ యాసలో రాశారు. సంపాదకుడు ఒక్కో పేరుకి ఒక్కో జల్లెడ అందుకుంటాడు, ఏది అందుకున్నాడో మాత్రం చెప్పడు. ఒక జల్లెట్లోంచి జారినవాడు ఇంకోదాంట్లో నిలుస్తాడు. ఎందుకు జారాడో ఇంటివాళ్లకి అర్థం కాదు, పొద్దున్నే ఫోన్ చేస్తారు.

పుట్టిన ఊరు తేలిక లెక్కలా కనిపిస్తుంది. మా దగ్గర అదే అన్నిటికంటే చిక్కు. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న పుట్టింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న. పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్ 4న. సాలూరునే చూడండి. 1950కి ముందు విశాఖపట్నం జిల్లా. తర్వాత శ్రీకాకుళం. 1979 నుంచి విజయనగరం. ఇప్పుడు మన్యం. ఊరు కదల్లేదు, పక్కనున్న వేగావతీ కదల్లేదు. జిల్లాలే వచ్చి పోయాయి. 1904లో అక్కడ పుట్టిన పురిపండా అప్పలస్వామిని ఏ జిల్లా కింద వెయ్యాలి? ఆయన చూస్తే విశాఖలో స్థిరపడి, ఒడియా నుంచి గోపీనాథ్ మహంతి 'అమృత సంతానం' నవలని తెలుగులోకి తెచ్చిన మనిషి. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన పాటగాడు వంగపండు ప్రసాదరావుదీ అదే కథ. 2020లో ఆయన పోయేనాటికి ఆ ఊరు విజయనగరం జిల్లా. రెండేళ్లు తిరక్కుండా మన్యం అయింది. పోయినవాళ్లకి కూడా జిల్లా మారిపోతుంది మా దగ్గర.

ఇంకా వెనక్కి వెళ్తే తమాషాగా ఉంటుంది. గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. అప్పుడది గంజాం జిల్లా, ఆ పేరు జిల్లా ఇప్పుడు ఒడిశాలో ఉంది. ఆయన పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఊరు అటు పోయేసరికి, డెబ్భై దాటిన ముసలాయన ఇల్లు ఖాళీ చేసి రాజమండ్రి వచ్చేశారు. 1915లో శ్రీకాకుళంలో పుట్టిన చాగంటి సోమయాజులు (చాసో), 1922లో అదే ఊళ్లో పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి), వీళ్లూ లెక్క ప్రకారం గంజాం జిల్లా బిడ్డలే. మరి గంజాం వాళ్లు సంచిక వేసుకుంటే మనవాళ్లని ఇస్తామా? ఇవ్వం. గొడవ పెట్టుకుంటాం.

అందుకని సంపాదకులు రెండో జల్లెడకి వెళ్తారు. బతికిన ఊరు. ఇది పెద్ద పేర్ల విషయంలో బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్ల విషయంలో ఎవరూ ప్రశ్న వెయ్యరు. గురజాడ అప్పారావు పుట్టిన రాయవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. అయినా ఆయన్ని విజయనగరం నుంచి లాక్కునే ధైర్యం ఎవరికుంది? ఆనంద గజపతి ఆస్థానం, మహారాజా కళాశాల, 1892లో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడిన నాటకశాల, ఆయన ఉన్న ఇల్లు, అన్నీ అక్కడే. చాసో కూడా దత్తత మీద విజయనగరం వచ్చి విజయనగరం మనిషైపోయారు. ఏటా జనవరి 17న, ఆయన పుట్టినరోజున, చాసో స్ఫూర్తి పురస్కారం ఇచ్చేదీ ఆ ఊళ్లోనే. శ్రీకాకుళం వాళ్లం "మా ఊళ్లో పుట్టారు" అనుకుని ఊరుకుంటాం.

ఈ జల్లెడ తేడా చేసేది ఉద్యోగాల దగ్గర. కాళీపట్నం రామారావు (కారా) మాస్టారిది లావేరు దగ్గర మురపాక. కానీ ముప్ఫై ఏళ్లకి పైగా లెక్కలు చెప్పింది విశాఖలో. 'యజ్ఞం' కథ ఆయన విశాఖలో ఉండగా వచ్చిందే. మడపాంలో పుట్టిన బలివాడ కాంతారావు కూడా ఉద్యోగం చేసింది విశాఖలో, నేవీలో. రావిశాస్త్రి వకీలుగా బతికింది విశాఖలో. బతికిన ఊరే కొలత అనుకుంటే శ్రీకాకుళం జాబితాలో సగం విశాఖకి పోతుంది. అందుకని వీళ్ల దగ్గరకి వచ్చేసరికి చడీచప్పుడు లేకుండా పుట్టిన ఊరి జల్లెడ మళ్లీ చేతిలోకొస్తుంది. నేనూ అదే చేశాను. గురజాడకి ఒక న్యాయం, కారాకి ఒక న్యాయం. ఇప్పుడు చదువుకుంటే సిగ్గుగానే ఉంది.

పతంజలి విషయం ఇంకో రకం. కె.ఎన్.వై. పతంజలి విజయనగరం జిల్లా అలమండ మనిషి. కొలువులు విజయవాడ, హైదరాబాద్ పత్రికల్లో. 'వీర బొబ్బిలి', 'గోపాత్రుడు' చదివితే అలమండ వీధుల్లోంచి ఒక్క అడుగు బయటికి పెట్టినట్టుండదు. మనిషి అక్కడ, ఊరు కాగితం మీద. ఆయన్ని పుట్టుకతోనో బతుకుతోనో కొలవక్కర్లేదు, వస్తువే చెప్పేస్తుంది. ఇది మూడో జల్లెడ.

వస్తువు జల్లెడ వినడానికి న్యాయంగా ఉంటుంది గానీ దాన్ని కాస్త గట్టిగా ఆడిస్తే ఇంకో సమస్య వచ్చిపడుతుంది. 1967 తర్వాత ఒక పదేళ్లపాటు తెలుగు కవిత్వంలో 'శ్రీకాకుళం' అంటే ఊరు కాదు, జిల్లా కాదు, ఒక గిరిజన రైతాంగ పోరాటం పేరు. 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలో విద్యార్థులు "రచయితలారా మీరెటువైపు" అని కరపత్రం పంచడం, ఆ జులై 4న విరసం (విప్లవ రచయితల సంఘం) ఏర్పడడం, వీటి వెనక ఉన్నది శ్రీకాకుళమే. ఆ పేరు మీద రాసినవాళ్లు కృష్ణా జిల్లా నుంచీ, వరంగల్ నుంచీ, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. కృష్ణా జిల్లాలో పుట్టిన శివసాగర్ శ్రీకాకుళం కవా? వస్తువే కొలతైతే అవును. నేను జాబితాలో ఆయన పేరు రాస్తే సంపాదకుడు కొట్టేశాడు. అదే కాలం మీద రాసిన భూషణం మాస్టారు ఉన్నారు, ఎందుకంటే ఆయన ఇక్కడి మనిషి. నాకు ఆ కొట్టివేత ఇప్పటికీ నచ్చలేదు. అయినా ఒక మాట చెప్పాలి. బయటివాళ్ల కవిత్వంలో శ్రీకాకుళం అంటే ఎక్కువగా కొండ, నెత్తురు, ఎర్రజెండా. ఇక్కడివాళ్ల కథల్లో అదే శ్రీకాకుళం అప్పు, పాలికాపుతనం, చోడి అంబలి.

ఈ వస్తువు పిచ్చి ఇప్పుడు వేరే రూపంలో ఉంది. ఉత్తరాంధ్ర సంచిక అనగానే కవితలు మూడు కట్టలుగా వచ్చి పడతాయి. వలస, ఉద్దానం కిడ్నీ జబ్బు, తిత్లీ. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి తోటల్ని ఎలా కూల్చిందో చూసినవాణ్ణి, అది రాయకూడదని అనను. కానీ ఒకే సంచికకి వచ్చిన కవితల్లో విరిగిన కొబ్బరిచెట్టు చాలాచోట్ల తలతెగిన మనిషే అయింది. ఒకాయన మాత్రం చెట్లు పడిపోయాక ఇంట్లోకి తొలిసారి ఎండ పడిందనీ, వాళ్లమ్మ ఆ ఎండలో వడియాలు పెట్టిందనీ రాశాడు. దాన్ని చివరి పేజీల్లో వేశారు, 'యువ స్వరాలు' అనే శీర్షిక కింద. ఆయనకి నలభై దాటాయి.

ఇక నాలుగోది, యాస. నా మనసు ఇటే మొగ్గుతుంది, కాబట్టి కాస్త ఎక్కువే మాట్లాడతాను.

సంచికలో ఒక కథ. పలాస వైపు కుర్రాడు రాసింది. అందులో నాయనమ్మ మనవరాల్ని కేకేస్తుంది: "ఏటి సేత్తన్నావే గుంటా, పొద్దుగూకిపోనాది." మా ఊళ్లో ఈ వాక్యం రోజుకి పదిసార్లు వినబడుతుంది. ప్రూఫ్ దిద్దినాయన వేరే జిల్లా మనిషి, మంచివాడు, భాష మీద శ్రద్ధ ఉన్నవాడు. ఆ శ్రద్ధే కొంప ముంచింది. తిరిగొచ్చిన కాగితంలో వాక్యం ఇలా ఉంది: "ఏమిటి చేస్తున్నావే, పొద్దుగూకిపోయింది." గుంట ఎగిరిపోయింది. ఎందుకు తీశారని అడిగితే, "ఆ అమ్మాయి గుంటలో ఉన్నట్టు ముందు ఎక్కడా చెప్పలేదు కదండీ" అన్నారు. మా వైపు గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లాడు. 'కన్యాశుల్కం' చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. అదే కథలో "గెడ్డ దాటి వచ్చింది" అన్నచోట "గడ్డ దాటి" అని పడింది. గెడ్డ అంటే వాగు. వాగు దాటిన పిల్ల కాస్తా ఉల్లిగడ్డ దాటిన పిల్ల అయింది. అప్ప అక్క అయింది, బుగత భూస్వామి అయ్యాడు. కథలో మనుషులు అలాగే ఉన్నారు, ఊరు మాత్రం చిరునామా మార్చుకుంది.

దీంట్లో ఒక వింత ఉంది. రాతలో వాడుక భాష ఉండాలని జీవితాంతం పోరాడిన గిడుగు ఈ వంశధార ఒడ్డువారే. 1919లో ఆ పని కోసమే 'తెలుగు' అని పత్రిక పెట్టారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. యుద్ధం గెలిచారు. కానీ గెలిచిన వాడుక భాష ఎవరి వాడుక? చదువుకున్నవాళ్ల శిష్ట వ్యావహారికం. అది పత్రికల్లోకి వచ్చేసరికి ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల మాట అయింది. గిడుగు ఊరి పక్క రైతు మాట్లాడేది 'మాండలికం' అనే డబ్బాలో పడింది. డబ్బాలో పడ్డాక దానికి కొటేషన్ మార్కులు, కింద అర్థాల పట్టిక. బుగత అంటే ఏమిటో పట్టికలో చెప్పాలి, భూస్వామి అంటే ఏమిటో మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ తేడా ఎవరూ కావాలని చేసింది కాదు, అలవాటుగా జరిగిపోయింది.

రెండో వైపు కూడా చెప్పాలి. యాసకి గిరాకీ వచ్చాక దాన్ని పూతలా పూసే కథలూ వస్తున్నాయి. ప్రతి 'వ'నీ కొట్టేసి, ప్రతి 'చ'నీ 'స' చేసి, తాసిల్దారు చేత కూడా "ఏటి" అనిపిస్తారు. యాస అక్షరాల్లో ఉండదు, వాక్యం విరుపులో ఉంటుంది. కారా మాస్టారి కథనం నింపాదిగా, మామూలు తెలుగులో నడుస్తుంది. మనిషి నోరు విప్పినప్పుడే ఊరు వినబడుతుంది. 'యజ్ఞం'లో సుందరపాలెం పంచాయితీ అంతా అప్పు లెక్క. ఆ లెక్క ఎంత మర్యాదగా మాట్లాడుతుందో, ఆ మర్యాదలోనే భయం ఉంటుంది. రావిశాస్త్రి అలా కాదు, కథ చెప్పేవాడి గొంతునే వీధిలోకి దింపేశారు. పతంజలి ఇంకోలా, అలమండ మాటలకి రాజుల కాలపు గంభీరమైన వాక్యాన్ని తొడిగి నవ్వించారు. ఒకే నేల, మూడు పద్ధతులు. సంచికలో వీళ్ల ముగ్గురి మీదా వ్యాసాలున్నాయి. మూడింటిలోనూ 'ఉత్తరాంధ్ర మాండలికానికి పట్టం కట్టారు' అనే ఒకే వాక్యం ఉంది. ఒకరిది చూసి ఒకరు రాశారని కాదు, ఆ వాక్యం ఎప్పట్నుంచో తయారుగా ఉంది.

యాస జల్లెడ నాకు నచ్చుతుందన్నాను గానీ అది కూడా కొందర్ని వదిలేస్తుంది. అసలు తెలుగే ఇంటి మాట కానివాళ్లని. శ్రీకాకుళం పోరాటంలో ఉన్న కవి సుబ్బారావు పాణిగ్రాహి ఇంట్లో ఒడియా. పాడింది తెలుగులో, జముకుల కథ కట్టి. 1969 డిసెంబర్ 22న ఆయన్ని కాల్చేసేనాటికి ఆ పాటలు ఉద్దానం అంతా నోళ్లలో ఉన్నాయి. ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు ఇప్పటికీ ఇంట్లో ఒడియా, బజార్లో తెలుగు మామూలే. కొండ మీది గిరిజనుల భాష సవర ఇంకో సంగతి. గిడుగు సవర నేర్చుకుని, పిల్లలకి వాచకాలు రాసి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చువేయించారు. తొంభై ఏళ్లు దాటాక కూడా మా సంచికలో సవర కవిత ఒక్కటీ లేదు. అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు, నాతో సహా. మల్లిపురం జగదీశ్ 'శిలకోల' లాంటి పుస్తకంతో కొండ మీది నుంచి కథ తెలుగులోకి దిగింది. కొండ మీది మాటే అచ్చులోకి దిగడం వేరే పని.

పాటగాళ్ల సంగతీ అంతే. వంగపండు పాటని అచ్చులో చదివితే చప్పగా ఉంటుంది, గజ్జె లేని కాలులా. అజ్జాడలో పుట్టి విజయనగరం సంగీత కళాశాలకి తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు మీద వ్యాసం వేస్తే అందులో బిరుదులే మిగులుతాయి, హరికథ ఎటో పోతుంది. తప్పెటగుళ్ల గురువులకి పేజీ ఇవ్వాలంటే వాళ్లు 'రచయిత' కాదు. సంచికలో వాళ్లు ఫొటోగా వస్తారు, వెనక అట్ట మీద, పేరు లేకుండా.

ఆడవాళ్ల లెక్క క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే సంచికలోనూ క్లుప్తంగానే ఉంది. విషయసూచికలో నాలుగు పేర్లు. చాగంటి తులసి గారి మీద వ్యాసం ఉంది, అందులో సగం వాళ్ల నాన్న చాసో గురించి.

డబ్బు మాట ఎత్తకుండా ఇదంతా సాహిత్య చర్చలా మాట్లాడితే అబద్ధం అవుతుంది. ప్రత్యేక సంచికకి కాగితం, అచ్చు, పోస్టేజీ ఎక్కణ్ణుంచో రావాలి. నగల షాపు, కోచింగ్ సెంటర్, ఒకరిద్దరు దాతలు. దాత కవిత రాస్తే అది వస్తుంది. రాసినవాళ్లకి ఇచ్చేది రెండు కాపీలు. చివరి వారంలో కొన్ని పేజీలు నిండకపోతే పెద్దల పాత కథ ఒకటి పునర్ముద్రణ. పోయినవాళ్లు పేజీలు నింపుతారు, ఉన్నవాళ్లు పేజీల కోసం చూస్తారు. అట్ట మీదికి శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య బొమ్మ వేద్దామని అందరికీ ఆశే. ఆయన శ్రీకాకుళం ఆడపడుచులు పసుపు పూసిన దేవతల్లా ఉంటారు. ఆఖరికి ఏదో సముద్రం ఫొటో వేశాం.

ఆ ఫోన్ తర్వాత నేను కథానిలయానికి వెళ్లాను. కారా మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో తెరిచిన ఇల్లు అది. పంతులుగారు ఎప్పుడైనా కథ రాశారేమో, పాత పత్రికల్లో ఏమైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు, ఆయన కవి మరి. కానీ అక్కడ కూర్చున్నప్పుడు, అన్నిసార్లు వెళ్లినా పట్టించుకోని సంగతి ఒకటి తట్టింది. గోడల మీద కథకుల ఫొటోలు. ఏ జిల్లా అన్న లెక్క లేదు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనీ పోగుచెయ్యాలని పెట్టిన చోటు. శ్రీకాకుళం సాహిత్యానికి ఇంతకంటే పెద్ద సంస్థ లేదు, దానికేమో శ్రీకాకుళం జల్లెడే లేదు. మాస్టారు లెక్కల మనిషి. ఎవర్ని తీసెయ్యాలి అన్న లెక్క కంటే ఏది పోగొట్టుకోకూడదు అన్న లెక్క ముందు వేసుకున్నారు. పత్రికకి అది కుదరదు, పేజీలు నూటిరవయ్యే కదా. కనీసం సంపాదకీయంలో నాలుగు వాక్యాలు రాయచ్చు. ఫలానావాళ్లని పుట్టుక లెక్కన తీసుకున్నాం, ఫలానావాళ్లని బతుకు లెక్కన, వీళ్లని వదిలేశాం అని. మా సంపాదకీయం మొదటి వాక్యం "ఉత్తరాంధ్ర కవులకు పుట్టినిల్లు" అని మొదలైంది.

సాలూరు అబ్బాయి కొరియర్‌లో నాన్నగారి నోటుబుక్ పంపాడు, తర్వాతి సంచికకి. రూళ్ల పుస్తకం, అంచులు నలిగి ఉంది. మొదటి పేజీలో పేరు, ఊరు. దాని కింద నీలం సిరాతో 'శ్రీకాకుళం జిల్లా' అని రాసి కొట్టేసి ఉంది. పక్కన బాల్ పెన్నుతో 'విజయనగరం జిల్లా'. దాని కింద కొత్త జెల్ పెన్నుతో, వేరే చేతిరాతలో, 'పార్వతీపురం మన్యం జిల్లా'.

"ఆ మూడోది నేను రాశానండీ," అన్నాడు ఫోన్లో. "పైవి కొట్టెయ్యకండి."